నోట్సు యాప్‌ను తిప్పలు పడుతూ వాడండి

నోట్సు యాప్ ఏదైనా దించుకోండి, నాకు అభ్యంతరం లేదు. దించుకున్న రోజే మాత్రం ఒక ఒట్టు పెట్టుకోండి: సెర్చ్ వాడను, ఫోల్డర్లు చేయను, ట్యాగులు తగిలించను, పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి అతికించను. ఆ యాప్ మీకు ఏయే సుఖాలు ఇస్తానంటుందో వాటన్నిటినీ వద్దనండి. తేలిగ్గా దాచుకున్నది తేలిగ్గా దొరుకుతుందేమో కానీ బుర్రకెక్కదు. పరిశోధన చేసేవాళ్లకు కావలసింది బుర్రకెక్కడం.

ఇది తలకిందుల సలహా అని మా ఇంటికొచ్చే స్కాలర్లే అంటారు. ఉస్మానియాలో చరిత్రలో పరిశోధన చేసిన నాటి నుంచీ నేను తార్నాక వదల్లేదు. ఆదివారం పొద్దున్నే నలుగురైదుగురు పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వస్తారు. క్యాంపస్ హాస్టళ్ల నుంచి నడిచొచ్చేవాళ్లు కొందరు, మెట్రో దిగి వచ్చేవాళ్లు కొందరు. టీ పెట్టి, వాళ్ల నోట్సు చూస్తూ కూర్చుంటాను. ఏళ్ల తరబడి అలా చూస్తూ వచ్చాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొన్న చలికాలంలో ఒక అబ్బాయి వచ్చాడు. నిజాం కాలపు వెట్టిచాకిరి మీద థీసిస్. మూడేళ్ల నోట్సు, దాదాపు మూడు వేల ఎంట్రీలు. "అన్నీ దీంట్లనే ఉన్నయి మేడం. మాట కొడితే సెకండ్ల వస్తది" అన్నాడు. వెట్టి అని కొట్టాడు. నలభై చిల్లర వచ్చాయి. బేగార్ అని కొట్టమన్నాను. మరో పదిహేడు, అన్నీ వేరేవి. భగేలా అని కొట్టమన్నాను. తొమ్మిది, అవీ వేరేవే. ఈ మూడు గుంపులూ అతని నోట్సులో మూడేళ్లుగా ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. తర్వాత 1936 అని కొట్టమన్నాను. ఒక్కటీ రాలేదు. ఆ ఏడాది కాగితాలు అతని దగ్గర ఆరేడు ఉన్నాయి. అన్నిటి మీదా 1345 ఫసలీ అనో 1346 ఫసలీ అనో ఉంది, అతను అలాగే ఎక్కించుకున్నాడు.

ల్యాప్‌టాప్ వైపు చాలాసేపు చూసి, "ఇవన్నీ నేను రాసుకున్నయే గదా మేడం" అన్నాడు.

అతనే రాసుకున్నాడు, నిజమే. సెర్చ్ మనల్ని ప్రశ్న అడగనివ్వదు, కొట్టిన మాటనే తెచ్చి ముందు పెడుతుంది. ఊళ్లో తెలుగువాళ్లు వెట్టి అన్నదాన్ని ఉర్దూ కాగితం బేగార్ అంటుంది. అప్పు కింద మనిషిని కట్టిపడేసే భగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1936లో విడిగా ఒక రెగ్యులేషనే తెచ్చింది. ఈ మూడూ ఒకటేనా, వేర్వేరా, ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నదే ఆ అబ్బాయి థీసిస్‌కు ప్రాణం. ఆ ప్రశ్న అతనికి మూడేళ్లు తగల్లేదు. సెర్చ్ లేకపోయి ఉంటే మొదటి నెలలోనే తగిలేది. వెట్టి కోసం పేజీలు తిరగేస్తుంటే బేగార్ కంట్లో పడి తీరేది.

ఫసలీ సంగతీ అంతే. నిజాం కాలపు హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచి అయితే 591 కలుపుకోవాలి. ఈ లెక్క యాప్ చేయదు, చేయకపోవడమే మంచిది. ప్రతి కాగితానికీ వేళ్ల మీద లెక్క కట్టి, రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసుకోండి. వందోసారి కడుతున్నప్పుడు ఏ కాగితం పంటల కాలానిదో, ఏది ఎండాకాలానిదో కూడా మీకు తట్టడం మొదలవుతుంది. వెట్టికి ఎప్పుడు పట్టుకెళ్లారన్నది రైతుకు చాలా పెద్ద విషయం.

ఇంగ్లిషులో రాసుకునేవాళ్లకు సెర్చ్ కాస్తో కూస్తో పనిచేస్తుంది. తెలుగులో అదీ లేదు. గ్రామం అని కొడితే గ్రామాల్లో రాదు, గ్రామానికి రాదు, ఎందుకంటే చివరి సున్న అక్కడ ఉండదు. పెళ్లి అని వెతికితే పెళ్ళి దొరకదు. తెలంగాణా అని కొడితే తెలంగాణ రాదు. ఇంగ్లిషు మాటకు తెలుగు విభక్తి తగిలించేటప్పుడు మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పడుతుంది, కీబోర్డును బట్టి పడకపోనూ వచ్చు. చదవడానికి రెండూ ఒకటే, యాప్‌కు మాత్రం వేర్వేరు మాటలు. సున్న తీసేసి గ్రామ అని కొట్టాలని తెలిసినవాళ్లు కొట్టుకుంటారు. తెలియనివాళ్లు 'నా నోట్సులో ఇది లేదు' అనుకుని అధ్యాయం రాసేస్తారు. అలా రాసిన అధ్యాయాలు నేను చదివాను.

సెర్చ్ బదులు ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం కొనుక్కోండి. నోట్సు యాప్‌లోనే ఉండనివ్వండి, పదసూచి మాత్రం కాగితం మీద ఉండాలి. ప్రతి నోట్సుకూ పేరుగా ఆ రోజు తేదీ తప్ప ఏమీ పెట్టకండి. రాయడం అయ్యాక ఆలోచించి ఒక్క మాట ఎంచుకుని, ఆ మాట కింద పుస్తకంలో తేదీ వేసుకోండి. పది మాటల కింద వేయకూడదు, ఒక్కటే. ఏ మాట కింద వేయాలో తేల్చుకోవడానికి ఒక్కోసారి అరగంట పడుతుంది. స్కాలర్లు ఆ అరగంట దండగ అంటారు. నా లెక్కలో ఆ రోజు చేసిన పరిశోధనంతా ఆ అరగంటే.

మాటల్ని ఇలా చేత్తో కలిపిన పెద్ద పని మన దగ్గరే జరిగింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశానికి సంపాదకత్వం వహించారు. మొదటి సంపుటం వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. ఆయన ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చిందీ ఆ ఏడాదే. తర్వాతి సంపుటం చేనేత మీద. నాగలిలో ఒకే భాగానికి జిల్లా జిల్లాకూ పేరు మారిపోతుంది. రైతుల దగ్గరికి వెళ్లి అడిగి, ఏ పేరు ఎక్కడిదో రాసుకుని, ఇవన్నీ ఒకే వస్తువు పేర్లని ఒక మనిషి కూర్చుని తేల్చాలి. అక్షరాలు కలవని మాటల్ని అర్థం పట్టుకుని ఒక చోట చేర్చడం సెర్చ్ చేసే పని కాదు. మీరు పరిశోధించేది కవిత్వమైనా, కౌలు చట్టమైనా చేయాల్సింది ఇదే.

ఇప్పుడు కాపీ, పేస్టు. ఇందులో నేను మొండిదాన్ని. పీడీఎఫ్‌లో పేరా నచ్చితే పూర్తిగా టైపు చేయండి. పేరా పెద్దదా? అయితే నిజంగా కావాలో లేదో అప్పుడే తెలుస్తుంది. ఒకసారి రెవెన్యూ రిపోర్టులో ఒక పేజీ టైపు చేస్తున్నాను, ఇంగ్లిషు రిపోర్టు. అంతకుముందు నాలుగుసార్లు చదివాను. టైపు చేస్తుంటే వేళ్లకు తెలిసింది, ఆ పేజీలో ఒక్క వాక్యానికీ కర్త లేడు. బండ్లు తీసుకోబడ్డాయి, మనుషులు పిలవబడ్డారు, గడ్డి అందించబడింది. తీసుకున్నదెవరు, పిలిచిందెవరు అన్నది ఎక్కడా లేదు. చదివినప్పుడు కన్ను జారిపోయింది. అక్షరం అక్షరం కొట్టినప్పుడు జారలేదు. నా థీసిస్‌లో రెండో అధ్యాయం అక్కడ పుట్టింది.

హైలైట్ చేయడం అసలే వద్దు. పసుపు రంగు పూసిన చోట చదివినట్టు అనిపిస్తుంది, అంతే. ఈ మధ్య యాప్‌లలో సారాంశం తీసిపెట్టే బటన్ కూడా వచ్చింది. దాన్ని ముట్టుకోకండి. సారాంశం తీయడమే మీ చదువు, దాన్ని ఇంకొకరికి అప్పజెబితే మీకు మిగిలేది ఏమీ లేదు.

ఇక ఫొటోల సంగతి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. అసఫ్ జాహీల కాలపు ఉర్దూ, పర్షియన్ కాగితాలే కాదు, షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కన్ రికార్డులూ అక్కడున్నాయి. మా రోజుల్లో పెన్సిల్‌తో రాసుకునేవాళ్లం. రోజుకు ఐదారు కాగితాలు అయితే గొప్ప. ఇప్పటి పిల్లలు ఎక్కడ అనుమతి దొరికినా ఫోన్‌తో పూటకు రెండొందల ఫొటోలు తీసి యాప్‌లో పోస్తారు. ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం తర్వాత ఎవరూ తెరవరని నాకు తెలుసు, తీసినవాళ్లకూ తెలుసు. ఫొటో తీయండి, కానీ తర్వాతి కాగితం తిప్పే ముందు ఈ కాగితం గురించి మూడు వాక్యాలు రాయండి. ఎవరు ఎవరికి రాశారు, ఏం అడుగుతున్నారు, ఏం దాస్తున్నారు. ఈ మూడూ రాయలేకపోతే ఫొటో చెరిపేయండి. రోజుకు రెండొందలు కాస్తా పన్నెండు అవుతాయి. మీ గైడు కంగారు పడితే నా దగ్గరికి పంపండి.

నోట్సు తెలుగులో రాయమంటాను, చదివేది ఇంగ్లిషులో అయినా సరే. థీసిస్ ఇంగ్లిషులోనే సమర్పించాలి కదా, రెండుసార్లు తర్జుమా ఎందుకని అడుగుతారు. ఎందుకంటే ఇంగ్లిషు పుస్తకంలో 'పెజెంట్' అని ఉంటే చదువుకుంటూ వెళ్లిపోతాం. తెలుగులో రాయబోతే చెయ్యి ఆగుతుంది. రైతా, కాపా, కౌలుదారా, పాలేరా, కూలివాడా? పుస్తకం రాసినాయనకు ఎవరు ఉద్దేశమో వెనక్కి వెళ్లి చూడాలి. చాలాసార్లు ఆయనకే తెలియదని బయటపడుతుంది. ఇక 'టెనెంట్' అన్న మాట దగ్గర 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం మొత్తం అడ్డం వస్తుంది. రక్షిత కౌలుదారు ఎవరు, షిక్మీదారు ఎవరు, పట్టా ఎవరి పేరున ఉంది? ఇవన్నీ తేలితే తప్ప ఒక్క వాక్యం పూర్తికాదు.

మన క్యాంపస్ పుట్టిందే ఈ కష్టంలోంచి. 1918లో ఉస్మానియా ఏర్పడడానికి ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టారు. పాఠాలు ఉర్దూలో చెప్పాలన్నది నిర్ణయం, చెప్పడానికి పుస్తకాలు లేవు. కవి జోష్ మలీహాబాదీ కూడా కొంతకాలం అక్కడ పనిచేశాడు. శాస్త్రాల మాటలకు ఉర్దూలో మాటలు పుట్టించడానికి పండితులూ, ఆయా శాస్త్రాలవాళ్లూ కలిసి కూర్చుని వాదించుకునేవారు. ఆ పారిభాషిక పదాలను ఎలా కట్టాలో చెప్పడానికి ఉస్మానియాలో ఉర్దూ ప్రొఫెసర్ వహీదుద్దీన్ సలీం 1921లో ఒక పుస్తకమే వేశాడు. ఆ పదాల్లో ఎన్ని నిలిచాయన్న లెక్క నాకు ముఖ్యం కాదు. ఒక రసాయన శాస్త్రం మాటకు తన భాషలో మాట కట్టిన మనిషి ఆ పదార్థాన్ని ఎంత లోతుగా ఆలోచించి ఉంటాడో, అది నాకు ముఖ్యం. తెలుగు విద్యార్థులకు ఆ ఉర్దూ ఎంత బరువైందో కూడా నాకు తెలుసు. తెలుగులో నోట్సు రాయడం మాత్రం, ఆ బరువు ఎవరూ మోపకుండా, మీ భాషలో మీరే పెట్టుకునే కష్టం.

క్లాసులో ల్యాప్‌టాప్ మూసేయండి. కాగితం కూడా వద్దు, వినండి. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని గుర్తున్నది గుర్తున్నట్టు రాయండి. పోయింది పోనీ. ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకునేవాళ్లు మాటలు మాటలుగా దించేస్తారని, భావం అడిగే ప్రశ్నల్లో వెనకబడతారని 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు ఒక అధ్యయనం వేశారు. 2019లో మళ్లీ చేసి చూసినవాళ్లకు తేడా అంత స్పష్టంగా రాలేదు. కాబట్టి పెన్నా, కీబోర్డా అన్న తగువులోకి నేను వెళ్లను. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన పనే నాకు ఆధారం. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. మెట్ల మీద కూర్చుని చేసేది అదే.

యూనివర్సిటీ లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివే పిల్లలకు కూడా ఈ ఒక్క మాట. ఫోన్ గ్రూపుల్లో వచ్చిన మెటీరియల్ పీడీఎఫ్‌లన్నీ తీసేయండి. చదివి మూడు ప్రశ్నలు మీరే తయారుచేసుకున్నది మాత్రం ఉంచుకోండి.

ఇంకా ఎవరూ ఒప్పుకోని సలహా ఒకటుంది. ఏటా ఉగాదికి ఇల్లు దులుపుతాం కదా, నోట్సూ దులపండి. సగం తీసేయండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. తీసేసే ముందు ఒక్కొక్క దాన్ని తెరిచి, మూసి, అందులో ఏముందో చెప్పుకోండి. చెప్పగలిగితే అది మీ లోపలికి చేరింది, ఫైలుతో పనిలేదు. చెప్పలేక, పోతోందన్న బాధ కలిగితే అది ఉంచి ఆ వారమే మళ్లీ చదవండి. చెప్పలేకపోయినా బాధ కలగనిది పోవాల్సిందే. ఆర్కైవ్స్‌లో ఎత్తి రాసుకున్నవి, ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పగా రాసుకున్నవి మాత్రం ఎప్పటికీ తీయకూడదు. అవి మీ సొత్తు కాదు. ఆ పెద్దమనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు, మళ్లీ అడగలేం.

జర్మనీలో నిక్లాస్ లూమన్ అనే సామాజిక శాస్త్రవేత్త దాదాపు 90 వేల చీటీలు రాసి పెట్టెల్లో పెట్టుకున్నాడని, ఆయన ఏదీ పారేయలేదు కదా అని ఒకమ్మాయి నాతో వాదించింది. మంచి వాదనే. కానీ లూమన్ ఆ చీటీల్ని చేత్తో రాశాడు, ఏ చీటీ పక్కన ఏది ఉండాలో ప్రతిసారీ ఆలోచించి నంబరు వేశాడు. నలభై ఏళ్లకు పైగా ఆ శ్రమ పడ్డాడు. మీరూ పడతానంటే 90 వేలూ ఉంచుకోండి.

ఉంచుకునేవాటిని ఎలా ఉంచుకోవాలో మాత్రం నేను నష్టపోయి నేర్చుకున్నాను. నా థీసిస్ తెలుగు భాగాలు డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని ఫాంటులో కొట్టించాను. చాలా ఏళ్ల తర్వాత సీడీ పెట్టి తెరిస్తే తెరంతా ఇంగ్లిషు అక్షరాలు, ప్లస్ గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు. మా అమ్మమ్మ చెప్పిన పాట ఒకటి అందులో ఉంది. అది కాగితం మీద ఇంకెక్కడా లేదు. తర్వాత ఆన్‌లైన్‌లో ఒక నోట్సు సర్వీసు నమ్ముకున్నాను, అదీ మూతపడింది. అందుకని యూనికోడ్‌లో, ఉత్త టెక్స్టు ఫైళ్లుగా, మీ సొంత కంప్యూటర్లో ఉంచండి. అబ్సిడియన్ లాంటివి ఫైళ్లను అలాగే మీ దగ్గరే ఉంచుతాయి, యాప్ పోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి నమ్మకమైన స్నేహితురాలి దగ్గర. పుస్తకాల వివరాలకు జొటెరో వాడుకోండి. 2006 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. ప్రచురణ సంవత్సరాలూ పేజీ నంబర్లూ గుర్తుపెట్టుకోవడంలో కష్టపడాల్సిన అవసరం లేదు, అక్కడ ఎంత సుఖం దొరికితే అంత తీసుకోండి.

నెలకోసారి నోట్సు మొత్తం ప్రింటు తీయించండి. గేటు బయట జిరాక్స్ సెంటర్లో ఒకవైపే కొట్టమనండి, స్పైరల్ వేయించొద్దు. నేల మీద పరుచుకోవడానికి విడి కాగితాలే కావాలి.

వెట్టి థీసిస్ అబ్బాయి చేత అదే చేయించాను. రెండు నెలలు పదసూచి రాసుకుని, వెట్టి, బేగార్, భగేలా మాటలున్న నోట్సు ప్రింటు తీయించుకుని వచ్చాడు. డెబ్బై చిల్లర కాగితాలు. సోఫాలు గోడకు జరిపి హాలంతా పరిచాం. ఫసలీ ఏడాదుల వారీగా అడ్డంగా, జాగీరు ఊళ్లు ఒక వైపు, సర్కారు కింది ఖాల్సా ఊళ్లు ఒక వైపు. కాగితాల మధ్య కాళ్లు పెట్టుకోవడానికి చోటు చూసుకుంటూ మధ్యాహ్నం దాకా తిరిగాడు. ఒక కాగితం మీద బేగార్ అని రాసి ఉంది, కింద చదివితే అది అప్పు సంగతి. దాన్ని తీసి భగేలా వరసలో పెట్టాడు. అలా తొమ్మిది కాగితాలు వరస మారాయి. ల్యాప్‌టాప్ సంచిలోంచి తీయనేలేదు. సాయంత్రం చెప్పులేసుకుని గుమ్మం దాటినవాడు ఆగి, "మేడం, ఆ చివరి కాయితం అటు గాదు, ఇటు పెట్టాలె" అంటూ చెప్పులు విడిచి మళ్లీ లోపలికొచ్చాడు.